డ్వాక్రా సంఘం ఉంటే బీమా, పెన్షన్ అక్కర్లేదా?

ప్రశ్న: నా వయసు 35. ఇంట్లోనే మిషన్ కుడతాను. మా ఆయనకు 42, తాపీ మేస్త్రి. ఎనిమిదేళ్లుగా డ్వాక్రా సంఘంలో నెలకు 200 పొదుపు కడుతున్నాను. ‘కష్టమొస్తే సంఘం ఉందిగా, వేరే బీమా, పెన్షన్ ఎందుకు’ అంటున్నారు ఆయన. నిజమేనా? – ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: సగం నిజమేనమ్మా. ఆస్పత్రి ఖర్చుకు అర్జంటుగా 30,000 కావాల్సి వస్తే, సంఘంలో నూటికి రూపాయి వడ్డీ చొప్పున నెలకు 300 అవుతుంది. అదే బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తే 900. సంఘాన్ని వదులుకోవద్దు. కానీ అక్కడ దొరికేది అప్పు. సంపాదించే మనిషే లేకపోతే ఆ అప్పు ఎవరు తీరుస్తారు? ఎనిమిదేళ్ల మీ పొదుపు, వడ్డీ వాటా కాక, 19,200. ముసలితనానికి అది ఏ మూలకు?

ముందు ఇద్దరూ బ్యాంకులో కేంద్ర ప్రభుత్వ బీమా పథకాలు జీవన్ జ్యోతి (ఏడాదికి 436), సురక్షా బీమా (20) తీసుకోండి. మనిషికి 456. మొదటిది ఏ కారణంతో మరణించినా 2 లక్షలు ఇస్తుంది, రెండోది ప్రమాద మరణానికి మరో 2 లక్షలు. పరంజా మీద నిలబడి పనిచేసే మనిషికి ఇది తప్పనిసరి.

సంఘం అసలు అవసరపడేది ఇక్కడే. మే నెలాఖరులో బ్యాంకు ఏడాది ప్రీమియం కోసుకునే సమయానికి ఖాతాలో డబ్బు లేక బీమా ఆగిపోయిన ఇళ్లు చాలా ఉంటాయి. మళ్లీ చేరితే మొదటి 30 రోజులు ప్రమాదం కాని మరణానికి పరిహారం రాదు. అందుకే మే నెల మీటింగులో అందరి పాస్‌బుక్కుల్లో బ్యాలెన్స్ చూడమని మీ లీడరుకు చెప్పండి. ప్రమాదం జరిగితే ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు అడుగుతారు. దుఃఖంలో ఉన్న కుటుంబానికి అవి గుర్తుండవు, పక్కనుండి చేయించాల్సింది తోటి సభ్యులే.

పెన్షన్‌కు మీరు కేంద్ర ప్రభుత్వ అటల్ పెన్షన్ పథకంలో చేరండి. 40 దాటారు కాబట్టి ఆయనకు వీలుపడదు. మీ వయసుకు నెలకు 543 కడితే 60 తర్వాత నెలకు 3,000 వస్తుంది, మీ తర్వాత అంతే మొత్తం ఆయనకు. పాతికేళ్ల తర్వాత ఆ 3,000కు ఇవాళ్టి విలువ ఉండదు, నిజమే. కుట్టు పని పెరిగినప్పుడు పెన్షన్ మొత్తాన్ని ఏడాదికోసారి పెంచుకోవచ్చు. ఇప్పటి నుంచే 902 కట్టగలిగితే 5,000 వస్తుంది.

ఆయన పేరు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో ఉందా? పేరు నమోదుకు గత ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు ధ్రువీకరణ కావాలి. మేస్త్రీల యూనియన్ ఉంటే వాళ్లే దగ్గరుండి చేయిస్తారు. లేకపోతే లేబర్ ఆఫీసులో కనుక్కోండి.