కీటోకి ముందు మందుల డబ్బా తీయండి

"వయసు 47, కొంచెం షుగర్ ఉంది, కీటో మొదలుపెడదామనుకుంటున్నాను. ఏ నూనె మంచిది, బాదం పిండి ఏ కంపెనీది కొనాలి?" అని అడిగారు. కీటో అంటే అన్నం, రొట్టె లాంటి పిండి పదార్థాలు బాగా తగ్గించి, కొవ్వు ఎక్కువగా తినడం. నూనె సంగతి తర్వాత చెబుతాను. "కొంచెం షుగర్" అన్నారు కానీ మాత్రలు వేసుకుంటున్నారో లేదో రాయలేదు. వేసుకుంటుంటే ముందు ఆ డబ్బా తీసి, ఒక్కో స్ట్రిప్ మీద ఏం మందు ఉందో చదవండి.

మా వారు చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన షుగర్ మాత్ర వాడేవారు. పార్కులో పొద్దున నడకకి వచ్చే ఒకాయన "అన్నం మానెయ్యండి, మందులు మాత్రం అలాగే వేసుకోండి, షుగర్ రెండు వైపుల నుంచీ దిగుతుంది" అని చెప్పాడట. అంతే, మర్నాటి నుంచి గుడ్లు, పనీరు, చికెన్. ఇంకా మొదటి వారం దాటలేదు. ఒక సాయంత్రం నేను బీరకాయలు చెక్కు తీస్తుంటే వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డారు. అప్పటిదాకా హాల్లో ఫ్యాన్ కింద ఉన్న మనిషి, చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. మంచినీళ్లు ఇస్తే గ్లాసు వణికి సగం లుంగీ మీద ఒలికిపోయాయి. మాట కూడా ముద్దగా వస్తోంది. షుగర్ చూసే మిషన్ తెచ్చి వేలు గుచ్చితే 58, బాగా తక్కువ.

గ్లాసులో నాలుగు చెంచాల పంచదార కలిపి నోటి దగ్గర పెట్టాను. మొహం పక్కకి తిప్పేసి, "వద్దే, ఇన్నాళ్లు చేసింది పాడైపోతుంది" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. గదమాయించి తాగించాను. పావుగంట ఆగి మళ్లీ చూస్తే 84. చెమట ఆరింది, చూపు నిలబడింది, "ఏం కూర?" అని అడిగారు. నాకైతే కాళ్లలో వణుకు రాత్రి దాకా పోలేదు.

ఇందులో వింత ఏమీ లేదు. మీరు అన్నం తిన్నా తినకపోయినా గ్లిమిపిరైడ్ లాంటి మందు క్లోమం నుంచి ఇన్సులిన్ పిండుతూనే ఉంటుంది. రెండు పూటలా అన్నం తినే మనిషికి రాసిన మోతాదు, అన్నం మానేసిన మనిషికి ఎక్కువైపోతుంది. ఇన్సులిన్ ఇంజెక్షన్‌తోనూ అంతే. మర్నాడు డాక్టరు గారు గ్లిమిపిరైడ్ తీసేసి మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంచారు, కొన్నాళ్లు రోజూ షుగర్ చూసి రాసుకోమన్నారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది. వాటి మీద ఉండి కీటో చేస్తే షుగర్ అంకె మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగిపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా దీని జోలికి పోకూడదు.

అన్నం మానెయ్యమని చెప్పే ప్రతివాళ్లూ "మీరేం మందులు వాడుతున్నారు?" అని ఒక్కమాట అడగొచ్చు కదా. అడగరు! వాళ్లు ఎన్ని కిలోలు తగ్గారో మాత్రం చెబుతారు. అసలు కీటో పుట్టిందే వైద్యుల చేతిలో. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ రస్సెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం దీన్ని ప్రతిపాదించారు. ఇవాళ్టికీ మూర్ఛ ఉన్న పిల్లలకి ఇది పెట్టాలంటే డైటీషియన్ గ్రాముల లెక్కన తూచి పెట్టిస్తారు. మన దగ్గర ఈ తరహా తిండిని ప్రచారం చేసిన వీరమాచనేని రామకృష్ణ గారి ప్రసంగాలతో ఇది ఇంటింటికీ చేరాక కొబ్బరి నూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు అందరికీ నోటికి వచ్చేశాయి. మందుల చీటీ మాటే ఎవరి నోటా వినపడదు.

ఇక వంట. మా వారిది చూశాక నేనూ చేశాను, రెండు రకాల వంట చెయ్యలేక. మన కూరలన్నీ అన్నంలో కలుపుకోవడానికి వండేవి. ఆ ఉప్పూ కారంతో కూర ఒక్కటే గిన్నెడు తినలేం. అందుకని అన్నీ తగ్గించి వండుతాం. అన్నంతోపాటు ఆవకాయ, పప్పు, చారు కూడా వెళ్లిపోతాయి. అంటే ఒంట్లోకి వెళ్లే ఉప్పు ఒక్కసారిగా పడిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒళ్లు తనలో నిల్వ ఉన్న పిండి పదార్థాన్ని కరిగిస్తూ, దానితో ఉన్న నీటినీ ఉప్పునీ బయటికి తోసేస్తుంది. మొదటి వారంలో రెండు మూడు కిలోలు తగ్గిపోయామని సంబరపడేది ఎక్కువగా ఆ నీళ్లే. తలనొప్పి, నీరసం, రాత్రి పిక్కలు పట్టెయ్యడం కూడా అందుకే. "కొవ్వు చాలలేదేమో" అని ఇంకో రెండు చెంచాల నూనె తాగకండి. నిమ్మరసంలో ఉప్పు వేసుకుని తాగండి, ఎముకల సూపు తాగండి. కారం, చింతపండు తగ్గించండి కానీ ఉప్పు బాగా తగ్గించకండి. బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఎంత ఉప్పో డాక్టరుని అడిగే తేల్చుకోవాలి.

బాదం పిండి అడిగారు. నన్నడిగితే కొననే కొనొద్దు. ఆ రొట్టె పెనం మీద విరిగిపోతుంది, ఖరీదు చూస్తే గుండె గుభేలుమంటుంది, పైగా రొట్టె కావాలన్న యావ చావదు. అవకాడోలు కూడా మనకెందుకు? బీర, సొర, దొండ, వంకాయ, తోటకూర, గోంగూర చాలు. నూనె మీరిప్పుడు వాడే వేరుశనగ నూనో, నువ్వుల నూనో, నెయ్యో ఏదైనా సరే. దుంపలు వద్దు. పప్పు విషయంలో చాలామంది పొరపడతారు. కందిపప్పులో సగానికి పైగా పిండి పదార్థమే. కీటోలో రోజు మొత్తానికి పిండి పదార్థం 20 నుంచి 50 గ్రాములు అనుకుంటే ఒక కప్పు అన్నంతోనే అది దాదాపు అయిపోతుంది, ఇక పప్పుకి చోటెక్కడ?

పెళ్లిళ్లూ గృహప్రవేశాలూ ఉన్న నెలలో మాత్రం మొదలుపెట్టకండి. "మా ఇంటికొచ్చి బూరె ముట్టుకోకుండా వెళ్తావా" అని విస్తట్లో వేసేస్తారు. షుగరని చెప్పినా ఊరుకోరు, ఒక్కదానితో ఏమవుతుందంటారు. నాకు ఆ మాట వింటేనే కోపం. మా ఇంట్లో మిషన్, స్ట్రిప్పులు, పంచదార డబ్బా ఇప్పటికీ ఒకే అరలో ఉంటాయి. మీరూ అలాగే పెట్టుకుని, అవి ఎక్కడున్నాయో ఇంట్లో అందరికీ చూపించండి. డాక్టరు దగ్గరికి ఒక్కరే వెళ్లకండి. మీకు వండిపెట్టేవాళ్లనీ తీసుకెళ్లండి.