కొత్త ఇంటికి, కొత్త ఉద్యోగానికి ముందు టారో కార్డులు ఎలా వాడుకోవచ్చు?

ఉద్యోగం మారి అద్దె ఫ్లాట్‌లోకి వెళ్తున్నానని, పాతదంతా వదిలించుకుని కొత్త సంకల్పంతో మొదలుపెట్టడానికి టారో పనికొస్తుందా అని అడిగారు. అమ్మ మాత్రం ఇదేదో క్షుద్రవిద్య అని భయపడుతోందన్నారు. నాకు బాగా పనికొచ్చింది. ఇల్లు మారినా, ఉద్యోగం మారినా కార్డులు ముందేసుకుని కూర్చోవడం నాకు ఏళ్లనాటి అలవాటు. అయితే జరగబోయేది చెప్పమని వాటిని అడగను. ఏం వదిలెయ్యాలో ముందు తేల్చుకుంటాను, ఏం కావాలన్నది ఆ తర్వాతే.

అమ్మగారి భయం గురించి ఒక మాట. టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట. ఫ్రాన్సులో ఇప్పటికీ ఆ కార్డులతో ఆడుకుంటారు. జోస్యానికి వాడటం చాలా తర్వాత వచ్చింది. ఎక్కువమంది వాడే రైడర్ వెయిట్ కార్డులు 1909లో లండన్‌లో వెలువడ్డాయి, బొమ్మలు గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ బొమ్మలు చూపించండి.

ఇల్లు సంగతి మీకు తెలిసిందే. కళ్లుప్పు వేసిన నీళ్లతో తుడిచి, కిటికీలు తెరిచి సాంబ్రాణి వేస్తే చాలు. విదేశాల్లో కాల్చే సేజ్ ఆకులు మనం కొనక్కర్లేదు. కార్డుల్ని మాత్రం నేను మొదట వరసలో పేరుస్తాను: సున్నా అంకె ఉన్న ద ఫూల్ నుంచి 21 అంకె ఉన్న ద వరల్డ్ దాకా, ఆ తర్వాత మామూలు పేకలోలాగే నాలుగు జట్లు, జట్టుకి 14. మొత్తం 78 కార్డులూ చేతిమీదుగా వెళ్లేసరికి మనసు కుదుటపడుతుంది.

తర్వాత బాగా కలిపి, బోర్లా పరిచి, వదలాల్సిందేమిటో అడిగి ఒకటి తీయండి. కిందటిసారి నాకు ఫోర్ ఆఫ్ పెంటకల్స్, అంటే నాణేల జట్టులో నాలుగో కార్డు వచ్చింది. అందులో ఒకాయన ఒక నాణేన్ని గుండెకు హత్తుకుని, రెండింటిని కాళ్లకింద తొక్కిపెట్టి, ఇంకోటి నెత్తిన పెట్టుకుని కూర్చుంటాడు. పట్టు వదిలితే తప్ప లేవలేడు. చూడగానే నాకు పాత ఆఫీసులో రాని ప్రమోషన్ గుర్తొచ్చింది. ఎప్పటికైనా ఎవరికైనా చూపించాలని ఆ మెయిళ్లన్నీ ప్రింట్ తీసి ఫైల్లో దాచాను, ఇల్లు మారినప్పుడల్లా ఆ ఫైలూ నాతోపాటే వచ్చేది. ఆ సాయంత్రమే చింపేశాను. కార్డు ఏం చూపించినా, దానికి తగ్గ పని ఒకటి చేత్తో చెయ్యండి, అదీ ఆ రోజే. లేకపోతే అది బొమ్మ చూసినట్టే. డెత్ కార్డు వస్తే కంగారుపడకండి. అస్థిపంజరం గుర్రం మీద వస్తుంటుంది, నిజమే. వెనకాల రెండు గోపురాల మధ్య సూర్యుణ్ణి కూడా చూడండి.

సంకల్పానికి మాత్రం కార్డులు బోర్లా పెట్టొద్దు. అన్నీ వెల్లకిలా పరిచి, కావాల్సినది మీరే ఎంచుకోండి. మనం కోరుకునేదాన్ని అదృష్టానికి వదిలెయ్యడం నాకు నచ్చదు. కొత్త ఉద్యోగానికైతే ఎయిట్ ఆఫ్ పెంటకల్స్ అంటే నాకు ఇష్టం. ఒక పనివాడు బల్ల దగ్గర కూర్చుని నాణెం చెక్కుతుంటాడు, ఊరు ఎక్కడో దూరంగా ఉంటుంది. దాన్ని చూస్తూ ఒక్క వాక్యం రాయండి, మీ చేతిలో ఉన్నదే రాయండి. "ఏడాదిలో టీమ్ లీడ్ అవుతాను" అన్నది మీ చేతిలో లేదు. "పొద్దున మొదటి గంట ఫోన్ పక్కనపెట్టి నేర్చుకుంటాను" అన్నది ఉంది.

పాశ్చాత్యుల్లో టారో చూసేవాళ్లు చాలామంది సంకల్పానికి అమావాస్య మంచిదంటారు. మనవైపు అమావాస్యనాడు చాలామంది ఏదీ మొదలుపెట్టరు. నేను వదిలే పని అమావాస్యకి చేసి, సంకల్పం మర్నాటికి ఉంచుతాను. మన ఉగాది వచ్చేదీ అమావాస్య మర్నాడే కదా.

ఇంట్లో నెగెటివ్ ఎనర్జీ ఉంది, ఇన్ని వేలు ఇస్తే తీసేస్తానని ఏ టారో రీడరైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చెయ్యండి. పాలు పొంగించే రోజు కార్డులు పెట్టెలోనే ఉంచండి. ఆ రోజు ఇంటినిండా పెద్దవాళ్లు, చుట్టాలు ఉంటారు. మీ పని అంతకు ముందే, ఒక్కరే ఉన్నప్పుడు చేసుకోండి.