టెక్ సందేహాలు: ఫోన్‌లో వచ్చే వైఫై వేగం కంప్యూటర్‌లో ఎందుకు రాదు?

ప్రశ్న: మాది గుంటూరు. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. ఫోన్‌లో పరీక్షిస్తే 90 దాకా చూపిస్తోంది. అదే గదిలో, అదే బల్ల మీద ఉన్న ల్యాప్‌టాప్‌లో మాత్రం 20 దాటడం లేదు. ల్యాప్‌టాప్ కొని ఏడేళ్లయింది. వైఫై పేరు దగ్గర ‘సురక్షితం కాదు’ అన్న అర్థం వచ్చే హెచ్చరిక కూడా కనిపిస్తుంది కానీ, ఇన్నాళ్లూ దాన్ని పట్టించుకోలేదు. కనెక్షన్ ఇచ్చినవారిని అడిగితే 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారమంటున్నారు. మారమంటారా?

జవాబు: మారవద్దు. మీ ఇంటి గుమ్మం దాకా 90 ఎంబీపీఎస్ వస్తోందని మీ ఫోనే సాక్ష్యం చెబుతోంది. లోపం గోడకు బిగించిన రౌటర్‌కూ బల్ల మీది ల్యాప్‌టాప్‌కూ మధ్య ఉన్నప్పుడు, గుమ్మం దాకా వచ్చే వేగాన్ని మూడింతలు చేసుకున్నా మీకు దక్కేది ఆ 20 మాత్రమే. ‘ఫోన్‌లో వస్తోంది, కంప్యూటర్‌లో రావడం లేదు’ అన్న ఉత్తరాలు నాకు వారం వారం వస్తున్నాయి. వాటిలో చాలామంది అప్పటికే ప్లాన్ మార్చుకుని, నెలనెలా ఎక్కువ డబ్బు కట్టి, ఏ మార్పూ లేదని తెలిశాక రాసినవారే. మీరు ముందుగా అడిగినందుకు సంతోషం.

జవాబు రాసేముందు మిమ్మల్ని ఒక ఫోటో పంపమని కోరాను. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగానికి వెళ్లి, మీరు కలిసి ఉన్న వైఫై ప్రాపర్టీస్ తెరిస్తే అడుగున కొన్ని వివరాలు కనిపిస్తాయి. వాటిలో మనకు కావలసినవి మూడు: లింక్ స్పీడ్ (రౌటర్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య కుదిరిన వేగం), నెట్‌వర్క్ బ్యాండ్ (వైఫై నడిచే రేడియో తరంగాల శ్రేణి), సెక్యూరిటీ టైప్ (సమాచారాన్ని కాపాడే పద్ధతి). మీరు పంపిన ఫోటోలో లింక్ స్పీడ్ 54 ఎంబీపీఎస్, బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్, సెక్యూరిటీ టైప్ ‘డబ్ల్యూపీఏ-పర్సనల్’ అని ఉన్నాయి. ఈ 54 అంకెను చూడగానే రోగమేమిటో తెలిసిపోయింది. 2003లో వచ్చిన పాత వైఫై ప్రమాణానికి గరిష్ఠ వేగం అది. ఏడేళ్ల నాటి ల్యాప్‌టాప్‌కు అంతకంటే ఎంతో మెరుగైన వైఫై తెలిసి ఉంటుంది. తెలిసినా వాడనివ్వకుండా దాన్ని ఆపుతున్నది మీరు పట్టించుకోని ఆ హెచ్చరిక వెనుక ఉన్న సంగతే.

వైఫైలో ప్రయాణించే సమాచారాన్ని ఇతరులు చదవకుండా గిలకొట్టే పద్ధతులు కాలక్రమంలో మారుతూ వచ్చాయి. మొదట్లో వాడిన డబ్ల్యూఈపీ అనే పద్ధతిని ఛేదించవచ్చని 2001 నాటికే తేలిపోయింది. అప్పటికే అమ్ముడుపోయిన పరికరాలను పారేయకుండా కొంతకాలం నెట్టుకురావడానికి 2003లో డబ్ల్యూపీఏ పేరిట టీకేఐపీ అనే తాత్కాలిక ఏర్పాటు చేశారు. మరుసటి ఏడాది డబ్ల్యూపీఏ2తో ఏఈఎస్ అనే గట్టి పద్ధతి వచ్చింది. 2009లో వేగవంతమైన కొత్త వైఫై ప్రమాణాన్ని ఖరారు చేసినప్పుడు, డబ్ల్యూఈపీ గానీ టీకేఐపీ గానీ వాడే కనెక్షన్లకు ఆ కొత్త వేగాలు ఇవ్వరాదన్న నియమం పెట్టారు. అందువల్ల రౌటర్‌తో పాత పద్ధతిలో కలిసిన కంప్యూటర్, ఎంత కొత్తదైనా సరే, 54 దగ్గర ఆగిపోతుంది. ఆ 54లోనూ సగానికి పైగా పరికరాల మధ్య సంకేతాల మార్పిడికీ, ఒకదాని వంతు కోసం మరొకటి ఆగడానికీ ఖర్చయిపోగా మన చేతికి వచ్చేది 20 చిల్లర. మీ ఫోన్ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఏఈఎస్ పద్ధతిలో కలిసింది కాబట్టి దానికి ఈ ఇబ్బంది లేదు.

ఇది ఎలా జరిగిందో మీ రెండో ఉత్తరం చూశాక అర్థమైంది. పాత రౌటర్ పాడైపోతే కొత్తది బిగించడానికి వచ్చిన కుర్రాడు, ఇంట్లో ఏ పరికరంలోనూ పాస్‌వర్డ్ మళ్లీ కొట్టనక్కర లేకుండా పాత పేరు, పాత పాస్‌వర్డ్, పాత సెక్యూరిటీ పద్ధతి యథాతథంగా దించేశాడు. అతనికి పది నిమిషాలు కలిసొచ్చాయి. మీకు రెండేళ్ల వేగం పోయింది. రౌటర్ అడుగున ముద్రించి ఉండే చిరునామాను (సాధారణంగా 192.168.1.1) బ్రౌజర్‌లో కొట్టి లోపలికి వెళ్లి, 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు రెండింటికీ డబ్ల్యూపీఏ2-ఏఈఎస్ ఎంచుకోండి. డబ్ల్యూపీఏ3 కలిసి ఉన్న ఎంపిక కనిపిస్తే అదింకా మంచిది. తరువాత ల్యాప్‌టాప్‌లో ఆ వైఫై పేరును ‘ఫర్గెట్’ చేసి మళ్లీ కలపండి. మీరు అలా చేశాక లింక్ స్పీడ్ 72కు, అసలు వేగం 45కు చేరిందని రాశారు. ఒకే యాంటెనాతో 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలిసిన వైఫై కార్డు అంతకుమించి ఇవ్వలేదు. మిగతా సగం కూడా కావాలంటే 5 గిగాహెర్ట్జ్‌ను అందుకునే చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొనుక్కోండి. లేదా ల్యాప్‌టాప్‌ను బల్ల మీదే వాడుతున్నారు కాబట్టి లాన్ కేబుల్ పెట్టుకోండి.

ఇక్కడ ల్యాప్‌టాప్ తయారీదారుల మీద నాకున్న అభ్యంతరం చెప్పాలి. ప్రాసెసర్, ర్యామ్ వివరాలను పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే వారు, లోపల బిగించింది ఒకే యాంటెనా ఉన్న చవక వైఫై కార్డు అన్న సంగతిని మాత్రం ఎక్కడా కనిపించనివ్వరు. కొన్నేళ్ల కిందటి దాకా చవక మోడళ్లలో 5 గిగాహెర్ట్జ్ లేకుండానే అమ్మారు. కొనేవారికి తెలిస్తే వద్దనుకునే వివరాన్ని దాచడం పొరపాటు కాదు, ఆలోచించి చేసిన పని.

వేగం సంగతి అలా ఉంచితే, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన వాక్యం వేరే ఉంది. పాస్‌వర్డ్ మార్చమంటారా అని అడుగుతూ, ‘ప్రస్తుతం మా సెల్ నంబరే ఉంది’ అని రాశారు. తెలుగునాట ఏ ఊళ్లో చూసినా ఇదే అలవాటు. నా ఇంటికి కనెక్షన్ బిగించడానికి వచ్చిన కుర్రాడు కూడా నన్ను అడగకుండానే నా సెల్ నంబరును వైఫై పాస్‌వర్డ్‌గా పెట్టి, రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్‌ను (రౌటర్ సెట్టింగ్స్ తెరవడానికి వాడేది) మార్చకుండా వదిలేసి, ‘ఈ వీధిలో అందరికీ ఇలాగే పెట్టాం సార్’ అన్నాడు. అంటే నా ఇంటి తాళంచెవి వీధిలో అందరి దగ్గరా ఉన్నదన్నమాట.

సెల్ నంబరు ఎంత బలహీనమైన పాస్‌వర్డో ఒక్కసారి లెక్క వేసి చూడండి. మన దేశంలో మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి. మిగిలిన తొమ్మిది స్థానాల్లో ఏ అంకె అయినా ఉండవచ్చు. మొత్తం 400 కోట్ల నంబర్లు. మీ పరికరం ఏదైనా వైఫైతో కలిసే క్షణంలో జరిగే సంకేతాల మార్పిడిని పక్కింటి నుంచో, కింద ఆపిన కారులోంచో ఎవరైనా పట్టుకుంటే చాలు, ఆపై వారు మీ వీధిలో ఉండనవసరం లేదు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ సెకనుకు సుమారు 10 లక్షల పాస్‌వర్డ్‌లను సరిపోల్చి చూడగలదు. 400 కోట్లను ఆ లెక్కన పూర్తిచేయడానికి 4,000 సెకన్లు, అంటే గంట పైన ఏడు నిమిషాలు పడుతుంది. మీ నంబరు ముందే తెలిసిన వారికి ఆ గంట కూడా అక్కరలేదు. ఏ సంబంధమూ లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాలలో కలిపి రాసి, మధ్యలో రెండు అంకెలు చేర్చి పెట్టుకుంటే ఈ లెక్క ఎవరికీ సాధ్యం కాని చోటికి పోతుంది.

‘పక్కింటివారు నాలుగు వీడియోలు చూసుకుంటే నష్టమేముంది’ అని అడిగేవారున్నారు. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరగడానికి కొద్ది నిమిషాల ముందు వార్తా సంస్థలకు చేరిన ఈ-మెయిల్, నవీ ముంబైలో నివసిస్తున్న ఒక విదేశీయుడి వైఫై మీదుగా వెళ్లింది. ఆయనకు ఆ కుట్రతో ఏ సంబంధమూ లేదు. అయినా దర్యాప్తు అధికారులు ఐపీ చిరునామా పట్టుకుని ముందుగా వెళ్లింది ఆయన ఇంటికే. మీ వైఫై మీదుగా ఎవరు ఏ పని చేసినా మొదట కనిపించేది కనెక్షన్ తీసుకున్నవారి పేరే.

అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చకపోవడం ఇంతకంటే ప్రమాదం. వైఫైలోకి వచ్చినవారు దానితో రౌటర్ పేజీ తెరిచి, వెబ్‌సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ సర్వర్‌ను తమకు కావలసినదానికి మార్చవచ్చు. అప్పుడు మీరు బ్యాంకు పేరు సరిగ్గానే కొట్టినా నకిలీ పేజీకి చేరే అవకాశం ఉంది. బ్రౌజర్ హెచ్చరిస్తుంది గానీ, రెండేళ్లుగా వైఫై హెచ్చరికను పట్టించుకోనివారు ఆ హెచ్చరికను మాత్రం చదువుతారన్న నమ్మకం నాకు లేదు. 2016లో మిరాయ్ అనే వైరస్, మార్చకుండా వదిలేసిన ఇలాంటి అడ్మిన్ పాస్‌వర్డ్‌ల చిన్న జాబితాతోనే లక్షల కొద్దీ కెమెరాలను, రౌటర్లను చేజిక్కించుకుంది. ఆ జాబితాలో ఉన్నవి 60 చిల్లర మాత్రమే. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా పిన్‌తో పరికరాలను కలిపే సదుపాయం) అన్న ఎంపిక కనిపిస్తే అదీ ఆపేయండి. ఎనిమిది అంకెల దాని పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి, కోటి ప్రయత్నాలు అవసరం కావలసిన చోట 11,000 ప్రయత్నాలు చాలునని 2011లోనే వెల్లడైంది. ఆ తరువాత ఇన్నేళ్లకూ దాన్ని ఆన్‌లో ఉంచి రౌటర్లు అమ్ముతున్నవారిని ఏ మాటతోనూ సమర్థించలేను.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, ఊహించగలిగే ఉమ్మడి పాస్‌వర్డ్‌తో ఇలాంటి పరికరాలను అమ్మకూడదు. భద్రతా అప్‌డేట్లు ఎప్పటి దాకా ఇస్తారో కొనేవారికి ముందే చెప్పాలి. మన దుకాణాల్లో దొరికే ప్రతి రౌటర్ పెట్టె మీద ఆ తేదీ అచ్చు వేయాలన్నది నా కోరిక. మందుల సీసా మీద గడువు తేదీ చూసి కొనే మనకు, ఇంటి ఇంటర్నెట్ అంతా నడిపే పెట్టె గడువు తెలియకపోవడం న్యాయం కాదు.

ప్రశ్న: రాజమహేంద్రవరం నుంచి రాస్తున్నాను. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తగిలించిన ప్రతిసారీ కంప్యూటర్‌లో వైఫై కుంటుపడుతోంది. తీసేస్తే బాగుంటోంది. వైరస్ ఏమైనా ఉందా?

జవాబు: వైరస్ కాదు. యూఎస్‌బీ 3.0 కేబుల్లో సమాచారం ప్రయాణించేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రేడియో రొద పుడుతుంది. 2012లోనే ఒక ప్రముఖ చిప్‌ల సంస్థ దీన్ని కొలిచి ప్రకటించింది. డిస్క్‌ను ల్యాప్‌టాప్‌కు ఆనించి పెట్టకండి. మందమైన, మంచి కవచం ఉన్న కేబుల్ వాడి దూరంగా జరపండి. వైఫై యూఎస్‌బీ అడాప్టర్ వాడుతుంటే దాన్ని ఆ డిస్క్ పక్క సాకెట్‌లో పెట్టకండి. 5 గిగాహెర్ట్జ్‌కు మారితే ఈ సమస్య ఉండదు.

ప్రశ్న: మాది నిజామాబాద్. రౌటర్ కింద హాల్లో ఉంది, కంప్యూటర్ పైఅంతస్తు గదిలో ఉంది. అక్కడ సిగ్నల్ లేదని రిపీటర్ కొని అదే గదిలో పెట్టాం. ఇప్పుడు సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, వేగం మాత్రం ముందుకంటే తగ్గింది.

జవాబు: ఆ గీతలు మీ కంప్యూటర్‌కూ రిపీటర్‌కూ మధ్య దూరాన్ని చెబుతున్నాయి, రిపీటర్‌కు కింది నుంచి ఏమి అందుతోందో చెప్పవు. సిగ్నల్ లేని గదిలో పెట్టిన రిపీటర్‌కు కూడా సిగ్నల్ ఉండదు. పైగా ఒకే బ్యాండ్ మీద నడిచే రిపీటర్ ప్రతి ముక్కనూ ఒకసారి అందుకుని మళ్లీ పంపాలి కాబట్టి, అందిన కాస్త వేగమూ సగమవుతుంది. ముందు దాన్ని మెట్ల మలుపు దగ్గరకు మార్చి చూడండి. రౌటర్ టీవీ వెనుకో, ఇనుప బీరువా పక్కనో ఉంటే దాన్ని బయటకు తీయండి. ఇనుమూ, బీరువా అద్దమూ, స్లాబులోని ఊచలూ సిగ్నల్‌ను చాలావరకు అడ్డుకుంటాయి.

శాశ్వతమైన దారి మాత్రం కింది నుంచి పైకి లాన్ కేబుల్ వేయించి, అక్కడ రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా (కేబుల్‌లో వచ్చిన ఇంటర్నెట్‌ను వైఫైగా పంచే పెట్టెగా) పెట్టుకోవడమే. కేబుల్ చివర క్లిప్పు బిగించేటప్పుడు ఎనిమిది తీగలూ బిగించారో లేదో దగ్గరుండి చూడండి. నాలుగింటితో కూడా కనెక్షన్ పనిచేస్తుంది గానీ 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. పైన పెట్టే ఆ రెండో పెట్టెకూ ఒక అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటుంది. బిగించిన మనిషి గేటు దాటేలోపే దాన్ని మార్చుకోండి.