ఇంటి పన్ను పెంచుతారంట, ఓటు లేని మేమేం చెయ్యాలి?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. బోస్టన్ దగ్గర ఓ టౌన్లో పోయినేడు ఇల్లు కొన్నాం. ఇద్దరం హెచ్‌1బీ వీసా మీదున్నాం, పాప కిండర్‌గార్టెన్. స్కూళ్లకు డబ్బు చాలట్లేదని ‘ఓవర్‌రైడ్’ పెట్టి ఇంటి పన్ను ఏడాదికి ఇంకో 600 డాలర్లు పెంచుతారంట. ఇప్పటికే 12,000 కడతా ఉన్నాం. "ఆ డబ్బుతో ఈడ జీవితాంతం పన్ను కట్టొచ్చు, మిమ్మల్ని ఎవరో ముంచినార్రా" అంటాడు నాన్న. మాకు ఓటు లేదు. వద్దని పోట్లాడాలా, ఊరుకోవాలా?

జవాబు: తమ్ముడూ, సెలవు మీద వచ్చి బైరాగిపట్టెడలో మా ఇంట్లో కూర్చునే ఇది రాస్తా ఉన్నా. మీ నాన్న అడిగిందే మా వీధి పెద్దవాళ్లు కూడా నన్ను నిలదీసి అడిగారు. వాళ్ల లెక్క తప్పని అనను. ఇక్కడి ఇంటి పన్నుకీ అక్కడి ఇంటి పన్నుకీ పేరొక్కటే, చేసే పని వేరు.

తిరుపతిలో మనం కట్టేది కాలువలకి, వీధి దీపాలకి, రోడ్లకి. మనం చదువుకున్న బడి దాంతో నడవలేదు. ఎస్వీ హైస్కూలు, ఎస్పీ గర్ల్స్ హైస్కూలు, ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ, పద్మావతి మహిళా కాలేజీ, అన్నీ టీటీడీవే. మున్సిపల్ హైస్కూలైనా అయ్యవార్ల జీతం రాష్ట్రానిదే. ఎముక విరిగితే టీటీడీ బర్డ్ ఆసుపత్రి, జ్వరమొస్తే సర్కారు రుయా ఆసుపత్రి. ఇక్కడ హుండీ, రాష్ట్ర ఖజానా కలిసి మోసే బరువులో పెద్ద భాగం మీరుండే మసాచుసెట్స్ రాష్ట్రంలో నీ ఇంటి మీద పడుతుంది. శివారు టౌన్లలో చాలాచోట్ల బడ్జెట్‌లో సగానికి పైగా స్కూళ్లకే పోతుంది. మిగతాది పోలీసు, ఫైరింజను, లైబ్రరీ, మంచు తోసే బండ్లు. నిన్ను ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా ప్రైవేటులో చదివించిన ఫీజులు కూడా ఇంటి పన్ను పక్కన రాసి కూడమను మీ నాన్నని. ఫోన్లో గొంతు కొంచెం తగ్గుతుంది.

ఇప్పుడు ఓవర్‌రైడ్ సంగతి. 1980లో అక్కడి జనమే ఓటేసి ‘ప్రపోజిషన్ 2½’ అనే చట్టం తెచ్చుకున్నారు. టౌను మొత్తం మీద వసూలు చేసే పన్ను పరిమితి ఏటా 2.5 శాతం మించి పెరగకూడదు. కొత్తగా కట్టిన ఇళ్ల మీద వచ్చేది మాత్రం దానికి అదనం. ఇక్కడే మనవాళ్లు చాలామంది పొరబడతారు. ఆంధ్రాలో 2021 నుంచి ఆస్తి విలువ మీద పన్ను వేస్తున్నారు కదా, ఏటా 15 శాతం మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. అది ఒక్కో ఇంటికి. అక్కడి 2.5 శాతం ఊరు మొత్తానికి. ఊళ్లో మిగతా ఇళ్ల కన్నా నీ ఇంటి విలువ ఎక్కువ పెరిగితే, ఓవర్‌రైడ్ లేకపోయినా నీ బిల్లు 6 శాతమో 7 శాతమో పెరగొచ్చు. అందరి ఇళ్ల ధరలూ పడిపోయినా పన్ను తగ్గదు, రేటు పైకి జరుగుతుంది అంతే.

టీచర్ల జీతాలు, వాళ్ల హెల్త్ ఇన్సూరెన్సు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు ఖర్చు 2.5 దగ్గర ఆగవు. కొన్నేళ్లు సర్దుకుంటారు, ఆ తర్వాత జనం ముందుకొచ్చి పరిమితి దాటనివ్వమని ఓటు అడుగుతారు, అదే ఓవర్‌రైడ్. ఇక్కడ చెత్త పన్ను 2021లో వచ్చింది, 2024లో పోయింది. పెట్టేటప్పుడు మనల్నెవరూ అడగలేదు. అక్కడ అడుగుతున్నారు, నాకు అది నచ్చుతుంది.

బ్యాలెట్‌లో ఏ మాట రాసుందో మాత్రం జాగ్రత్తగా చూడు. ‘డెట్ ఎక్స్‌క్లూజన్’ అంటే కొత్త బడి భవనం లాంటి దానికి తెచ్చిన అప్పు, అది తీరగానే ఆ పన్ను పోతుంది. ‘ఓవర్‌రైడ్’ అలా కాదు. ఆ 600 శాశ్వతంగా అసల్లో కలిసిపోతుంది, వచ్చే ఏడు 2.5 శాతం దాని మీద కూడా లెక్కేస్తారు. కాబట్టి ఒక ఏడాది లోటు చూపిస్తే ఒప్పుకోకు, రాబోయే మూడు నాలుగేళ్ల లెక్క అడుగు. అది చూపించలేదని నేను ఒకసారి ‘నో’ కూడా వేశాను. రెండేళ్లకు సరైన లెక్కతో వచ్చారు, అప్పుడు ‘ఎస్’ వేశా.

ఓడిపోతే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. 2 మైళ్ల అవతలి నుంచి వచ్చే ఆరో తరగతి దాకా పిల్లలకు బస్సు ఉచితంగా ఇవ్వాలని అక్కడి రాష్ట్ర చట్టం. మిగతావాళ్లకు ఫీజు పెట్టుకోవచ్చు, పెడతారు. బ్యాండుకి ఫీజు, ఆటలకి ఫీజు. లైబ్రరీ డబ్బు మరీ కోస్తే రాష్ట్రం ఇచ్చే గుర్తింపు పోతుంది. అప్పుడు మీ కార్డు మీద పుస్తకాలివ్వమని పక్క టౌను లైబ్రరీ చెప్పొచ్చు. మన పిల్లలు వారానికి సంచీడు పుస్తకాలు మోసుకొచ్చేది ఆ కార్డుతోనే.

ఓటు మాట. హెచ్‌1బీ వాళ్లకే కాదు, గ్రీన్ కార్డున్నా లేదు. డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్ దగ్గరో, సూపర్ మార్కెట్ బయట క్లిప్‌బోర్డు పట్టుకున్న కుర్రాడి దగ్గరో ఓటరు నమోదు కాగితం చేతికొస్తే సంతకం పెట్టొద్దు. పౌరసత్వం లేకుండా ఓటేసినా, పౌరుడినని టిక్ పెట్టినా దేశం నుంచి పంపించే దాకా పోతుంది. పొరపాటున పెట్టానంటే వినరు. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

ఓటు లేదని నోరు లేకుండా పోదు. టౌను లెక్కలు చూసే ఫైనాన్స్ కమిటీ హియరింగుకి ఎవరైనా పోవచ్చు. బడ్జెట్ మీద ఓటేసే టౌన్ మీటింగులో ఓటర్లు కానివాళ్లని విడిగా ఓ పక్క కూర్చోబెడతారు, సభ నడిపే మోడరేటర్ అనుమతిస్తే మాట్లాడొచ్చు. నేను మొదటిసారి పోయినప్పుడు వాకరు పట్టుకుని ఓ ముసలాయన మైకు దగ్గరకొచ్చాడు. మా పిల్లలు బడి దాటి 30 ఏళ్లయింది, నా పెన్షన్ మాత్రం పెరగలేదు అన్నాడు. హాలు నిశ్శబ్దం. అలాంటివాళ్లకి వయసు, ఆదాయం చూసి కొంత మినహాయింపు ఉంటుందని ఆ రోజే తెలిసింది నాకు. మనవాళ్లు పదిమంది పోయినా చివరి వరుసలో కూర్చుని వాట్సాప్‌లోనే తిట్టుకున్నారు. నువ్వు అలా చెయ్యొద్దు. పేరు, వీధి చెప్పి, మా పాప క్లాసులో ఇప్పుడెంతమంది, ఇది ఓడితే ఎంతమంది అవుతారు అని అడిగి కూర్చో. అలా అడిగితే కమిటీ తప్పించుకోవడం కష్టం.

అద్దెకున్నవాళ్లూ మనకేం అనుకోవద్దు. ఇంటాయన ఆ పెంపు అద్దె రెన్యువల్‌లో వేస్తాడు.

చివరగా బిల్లు. ఎస్క్రో (ఇంటి అప్పు కంతుతో పాటే పన్ను డబ్బూ తీసుకుని బ్యాంకే కట్టే ఖాతా) ఉంటే ఓవర్‌రైడ్ గెలిచిన మరుసటి ఏడు బ్యాంకు నుంచి లోటు కట్టమని ఉత్తరం వస్తుంది, కంగారు పడొద్దు. కొత్తగా కట్టిన ఇల్లయితే మొదటి బిల్లు ఉట్టి స్థలం మీదే రావచ్చు, దాన్ని నమ్మి లెక్కలేసుకోకు. టౌను దగ్గరున్న ప్రాపర్టీ కార్డు తెప్పించి గదులు, బాత్రూములు, చదరపు అడుగులు సరిపోయాయో లేదో చూడు. పూర్తి చేయని బేస్‌మెంటుని పూర్తయినట్టు రాసినవి నేను చూశా. తప్పుంటే పన్ను తగ్గించమని అబేట్‌మెంట్ దరఖాస్తు పెట్టు. మూడు నెలలకోసారి బిల్లు వచ్చే టౌన్లలో మామూలుగా దానికి గడువు ఫిబ్రవరి 1. ఒక్కరోజు దాటినా తీసుకోరు. దరఖాస్తు పెట్టాం కదా అని బిల్లు కట్టడం ఆపొద్దు, వడ్డీ వేస్తారు.