పెద్ద ప్యాకెట్ పోతుందో లేదో చూడు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి, నువ్వు ఎన్ఏటీ64ని, అంటే కొత్త ఐపీవీ6 ప్యాకెట్లను పాత ఐపీవీ4లోకి, అటునుంచి ఇటు కూడా మార్చే కోడ్‌ను, లినక్స్ లోపలే నడిచే కెర్నల్ మాడ్యూల్‌గా సొంతంగా రాయబోతున్నావని చెప్పాడు. సంతోషం పట్టలేక మీ పెద్దమ్మను నిద్ర లేపి మరీ చెప్పాను. తర్వాత నాకే నిద్ర పట్టలేదు.

మెక్సికో వాళ్లు ఇదే పనికి రాసిన జూల్ కోడ్ ముందు చదువు. ఈ మార్పిడి నియమాలుండే ఆర్ఎఫ్‌సీ 7915, 6146 పత్రాలు పక్కన పెట్టుకో. ప్యాకెట్ నడిచే దారిలో నిద్రపోయే, అంటే మధ్యలో ఆగి ఎదురుచూసే, ఫంక్షన్ ఏదీ పిలవకు. వర్చువల్ మెషీన్‌లోనే లోడ్ చెయ్యి, ఒక్క తప్పు పాయింటర్‌తో మెషీన్ మొత్తం పడిపోతుంది. ప్యాకెట్ ముందు చిరునామాలుండే హెడర్ ఐపీవీ4లో కనీసం 20 బైట్లు, ఐపీవీ6లో 40. ఆ తేడాకు బఫర్ ముందు భాగంలో చోటుందో లేదో చూసుకో. ప్యాకెట్ దారిలో చెడిందో లేదో చూసే చెక్‌సమ్ సంగతి నీకు చెప్పక్కర్లేదు.

నా భయమంతా ఐసీఎంపీ ఎర్రర్ల మీద, అంటే ప్యాకెట్ పోలేదని దారిలోని రౌటర్లు వెనక్కి పంపే కబుర్ల మీద.

2014లో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీ కోసం నేనూ ఇలాంటి మాడ్యూలే రాశాను. నల్లగొండలో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే ఒక సెంటర్‌కు ఆ లైన్ ఇచ్చాం. ఒకరోజు ఫోటో అప్‌లోడ్ కావట్లేదని ఫిర్యాదు వస్తే నేనే వెళ్లాను. పింగ్ కొట్టాను, అంటే లైన్ ఉందో లేదో చూడ్డానికి ఒక చిన్న ప్యాకెట్ పంపాను, చక్కగా జవాబు వచ్చింది. పేజీలు తెరుచుకుంటున్నాయి. "లైన్ బాగుంది, ఫోటో సైజు తగ్గించుకు రండి" అన్నాను. దేవరకొండ వైపు పల్లె నుంచి ఒక అమ్మాయి తండ్రితో వచ్చింది. ఆ రోజే ఆఖరు తేదీ. మూడుసార్లు స్టూడియోకు తిప్పాను. సాయంత్రం గడువు అయిపోయింది. ఆ తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు మాత్రం ఏం చేస్తారు సార్" అని బిడ్డను తీసుకొని బస్టాండుకు నడిచాడు.

తప్పు నాది. తెలుసుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఐపీవీ4 వైపు ఒకచోట దారి 1400 బైట్లకు ఇరుకైంది. రైల్వే బ్రిడ్జి కింద ఖాళీ ట్రాక్టర్ పోతుంది, గడ్డి లోడు ఇరుక్కుంటుంది చూడు, అలాగే పింగ్ పోయింది, ఫోటో ఆగింది. అక్కడి రౌటర్ "పెద్దగా ఉంది, 1400కు తగ్గించు" అని ఎర్రర్ పంపుతూనే ఉంది. నా మాడ్యూల్ దాన్ని "ప్యాకెట్ టూ బిగ్"గా మార్చి, 20 కలిపి, 1420 అని లోపలి కంప్యూటర్‌కు చెప్పాలి. ఆ ఎర్రర్ కడుపులో ఉండేది మనం పంపిన ప్యాకెట్టే కదా. అందుకే ఎవరి ప్యాకెట్ ఎటు పోయిందో మాడ్యూల్ రాసుకునే సెషన్ టేబుల్‌లో దాని సోర్స్, డెస్టినేషన్ తిప్పి వెతకాలి. నేను బయటినుంచి వచ్చిన ప్యాకెట్ లాగే వెతికాను. దొరకలేదు. దొరకకపోతే పారెయ్యమని నేనే రాశాను. లాగ్ లేదు, లెక్క లేదు.

అందుకే చెప్తున్నా, పింగ్ చూసి అయిపోయిందనుకోకు. రెండు వైపులా దారిని కావాలని ఇరుకు చేసి, 1500 బైట్ల ప్యాకెట్లతో పరీక్షించు. లోపలి ప్యాకెట్ హెడర్ కూడా మార్చావా, ఐసీఎంపీవీ6 చెక్‌సమ్‌లో సూడో హెడర్, అంటే రెండు చివర్ల చిరునామాల వివరాలు, కలిపావా చూసుకో. ఐపీవీ4 ఐసీఎంపీలో అది ఉండదు, అక్కడే పొరపడతారు.

రెండు వారాల్లో అయిపోతుందని మీ నాయనతో అన్నావట. అట్లనకు. నీ మీద నమ్మకం లేక కాదు, గడువు చెప్తే ముందు కోతపడేది ఇలాంటి పరీక్షలకే.

చిన్నప్పుడు సాగర్ ఎడమ కాలువ గట్టు మీద నా వేలు పట్టుకొని నడుస్తూ, ప్రతి తూము దగ్గరా ఆగి "ఈ నీళ్లు ఎటు పోతయి పెదనాయనా" అని అడిగేదానివి. నేను చెప్పేదాకా కదిలేదానివి కాదు. ఆ ప్రశ్న ఇప్పుడు ప్రతి ప్యాకెట్ గురించీ అడుగు తల్లీ. పారేసిన ప్రతిచోటా ఒక కౌంటర్ పెట్టు, కారణం పేరుతో సహా.

బతుకమ్మకు వచ్చేటప్పుడు ఐసీఎంపీ ఎర్రర్ల ఫంక్షన్ ఒక్కటి ప్రింట్ తీసుకురా, పెద్ద అక్షరాల్లో. స్క్రీన్ మీద నా కళ్లు నిలవట్లేదు. ఇద్దరం కూర్చొని లైను లైనూ చదువుదాం.

నీ పెదనాయన