గినీపిగ్ మేత ముట్టడం లేదా? సోమవారం దాకా ఆగొద్దు

విజయనగరం నుంచి ఇంగ్లండ్ వచ్చి ఏడాది కూడా నిండని ఒక చెల్లెమ్మ అడిగిన సందేహం ఇది. పాప ముచ్చట పడిందని రెండు గినీపిగ్‌లను కొన్నారు. అందులో ఒకటి నిన్నటి నుంచి క్యారెట్ ముక్క దగ్గరికి ఆశగా వస్తోంది, నోట్లో పెట్టుకుంటోంది, వదిలేస్తోంది. గడ్డం కింద తడిగా ఉంటోంది. "ముందు పళ్ళు చూశాను, బాగానే ఉన్నాయి. గంటస్తంభం దగ్గర ఉండే మా నాన్నగారికి ఫోన్ చేస్తే, అరగక అయ్యుంటుంది, ఒక పూట పస్తు ఉంచమంటున్నారు. ఇవాళ శనివారం. సోమవారం దాకా ఆగొచ్చా అన్నా?"

ఆగకూడదమ్మా. పస్తు అసలే వద్దు. గినీపిగ్ పేగు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. మేత ఆగితే కదలిక మందగిస్తుంది, గ్యాస్ పడుతుంది, ఆ నొప్పికి ఉన్న ఆకలి కూడా చచ్చిపోతుంది. 12 గంటలు ఏమీ తినలేదంటే ఎమర్జెన్సీ కిందే లెక్క. శనివారమైనా మీ వెట్ క్లినిక్‌కి ఫోన్ చెయ్యండి. మూసి ఉంటే రాత్రిళ్ళూ సెలవు రోజుల్లో ఎవరికి ఫోన్ చెయ్యాలో రికార్డు చేసిన గొంతు చెబుతుంది. ఇక్కడి పశువైద్యులు వేళ కాని వేళ కూడా అత్యవసర చికిత్సకి ఏదో ఒక ఏర్పాటు చేసి తీరాలి.

మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నాకు దవడ పళ్ళ మీదే అనుమానం. గినీపిగ్‌కి మొత్తం 20 పళ్ళు. ముందు కనిపించేవి 4, లోపల దవడల్లో 16. అన్నీ బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. అరుగుదల తగ్గితే కింది దవడ పళ్ళు లోపలికి వంగి నాలుక మీద వంతెన కట్టేస్తాయి. నాలుక కింద ఇరుక్కుంటే మింగడం కుదరదు, అందుకే చొంగ. పై పళ్ళేమో బయటికి తిరిగి బుగ్గని కోస్తాయి. జంతువుకి ఆకలి ఉంటుంది, తినలేదు. క్యారెట్ దగ్గరికి వచ్చి వదిలెయ్యడం అదే. ముందు పళ్ళు బాగున్నంత మాత్రాన ధీమా పడకండి. దాని నోరు సన్నం, లోపల బుగ్గల మడతలు అడ్డం. ఇంట్లో టార్చి వేసి చూస్తే ఏమీ కనబడదు. డాక్టరుకే పూర్తిగా చూడాలంటే మత్తు ఇవ్వాల్సి వస్తుంది. పళ్ళ వేర్ల సంగతి తెలియాలంటే ఎక్స్‌రే, ఒక్కోసారి సీటీ స్కాన్. కంటి నుంచి నీరు కారడం, దవడ కింద గడ్డలా తగలడం కూడా పంటి వేరు జబ్బే కావచ్చు.

ఫోన్‌లో అడగాల్సింది ఒకటుంది. చాలా క్లినిక్‌లలో కుక్కలకీ పిల్లులకీ అలవాటైన డాక్టర్లే ఎక్కువ. "ఎగ్జాటిక్స్ చూసే వెట్ ఉన్నారా, గినీపిగ్ దవడ పళ్ళు అరగదీయడం అలవాటేనా?" అని అడగండి. ఎగ్జాటిక్స్ అంటే కుక్కలూ పిల్లులూ కాని ఇలాంటి పెంపుడు జంతువులు. మొహమాటం వద్దు, ఇక్కడ ఎవరూ తప్పు పట్టరు. ఆపరేషన్ ముందు రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దని ఎవరైనా అంటే మళ్ళీ అడగండి, ఆ నియమం కుక్కలకీ పిల్లులకీ. నెయిల్ కట్టర్‌తో పన్ను కత్తిరిస్తామనేవాళ్ళ దగ్గరికి మాత్రం పోవద్దు. పన్ను నిలువునా చీలి వేరు దాకా చీము పడుతుంది.

ఇప్పుడు అసలు భయం చెబుతాను. మనవాళ్ళం ఊరి నుంచి వస్తూ మెడికల్ షాపులో సగం సూట్‌కేసులో సర్దుకుని వస్తాం. పంటి నొప్పి అనగానే అందులోని అమాక్సిసిలిన్ పొడి చేసి కొంచెం తాగిద్దామనిపిస్తుంది. ఆ జాతి యాంటీబయాటిక్స్ నోటి ద్వారా పడితే గినీపిగ్ పేగులోని మంచి బాక్టీరియా నశించి, విషం పుట్టించేవి పెరుగుతాయి. పంటితో పోయేది ప్రాణంతో పోతుంది. మన నొప్పి మాత్రలు కూడా వద్దు. దానికి పనికొచ్చే మందులు వేరే ఉన్నాయి, బరువు చూసి డాక్టరే ఇస్తారు.

ఖర్చు సంగతి. మనకి ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యం, ఉంది గానీ జంతువులకి లేదు. కన్సల్టేషన్, మత్తు, ఎక్స్‌రే దేనికది వేరు బిల్లు పడొచ్చు, ముందే ఎస్టిమేట్ రాసివ్వమనండి. పెట్ ఇన్సూరెన్స్ ఇప్పుడు తీసుకుంటే ఉన్న జబ్బుకి వర్తించదు, పళ్ళ చికిత్సని పక్కన పెట్టేసే పాలసీలూ ఉన్నాయి. సేవాసంస్థల ఉచిత వైద్యం ఎక్కువగా ప్రభుత్వ భృతి అందుకునేవాళ్ళకి. వర్క్ వీసా మీద వచ్చినవాళ్ళు దాని మీద ఆశ పెట్టుకోవద్దు. పళ్ళు ఒకసారి బాగా వంకర పోతే కొన్ని వారాలకోసారి మళ్ళీ అరగదీయించాల్సి రావచ్చు. వేరు దగ్గర గడ్డ ముదిరితే, బాధ లేకుండా ప్రాణం పోయే ఇంజక్షన్ మాట డాక్టరే ఎత్తొచ్చు. మన వైపు ఎవరూ అలా అనరు కాబట్టి గుండె గుభేలుమంటుంది. అది కర్కశత్వం కాదు. కోలుకునే అవకాశం ఎంత అని సూటిగా అడిగి నిర్ణయించుకోండి.

చికిత్స అయ్యాక కొన్నాళ్ళు సిరంజితో తినిపించాలి. రికవరీ ఫుడ్ పొడి క్లినిక్‌లోనే ఇస్తారు. నీళ్ళలో పలచగా కలిపి నోటి పక్క నుంచి కొంచెం కొంచెం పెట్టి, మింగే దాకా ఆగండి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వంటింటి త్రాసు మీద రోజూ తూచండి. ఆ తర్వాత కూడా వారం వారం తూకం మానకండి, రెండింటినీ విడివిడిగా. గిన్నె ఖాళీ అయిందని సంతోషిస్తాం గానీ తిన్నది ఏదో తెలీదు కదా. కిలో బరువున్న జంతువు 100 గ్రాములు తగ్గిందంటే ఒంట్లో పదో వంతు పోయినట్టు.

మేత విషయానికొస్తే, మనకి గడ్డి అంటే కుప్పలోంచి లాగి ఎడ్లకి వేసే వరిగడ్డి. ఇక్కడ స్ట్రా పేరుతో అమ్మేది దాదాపు అలాంటిదే, కింద పరవడానికి పనికొస్తుంది గానీ మేతకి కాదు. హే, అంటే కోసి ఎండబెట్టిన పచ్చగడ్డి, కొనండి. టిమోతీ అనే రకం గడ్డి హే అయితే మంచిది. అది రోజంతా ఎదురుగా ఉండాలి. పెల్లెట్లు, అంటే షాపులో దొరికే గుళికల మేత, రోజుకి ఒక టేబుల్ స్పూన్ చాలు. విటమిన్ సి మనలాగే దాని ఒంట్లోనూ తయారవదు. కిలోకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, తగ్గితే చిగుళ్ళు పాడై పళ్ళు వదులవుతాయి. రోజూ క్యాప్సికమ్ ముక్క పెట్టండి. నీళ్ళలో కలిపే చుక్కలు దండగ, ఆ విటమిన్ నీళ్ళలో త్వరగా పోతుంది.

విజిటర్ వీసా మీద అమ్మమ్మలు దిగితే అటుకులు, మరమరాలు, పలాస జీడిపప్పు పంజరంలోకి చేరతాయి. కడుపు వాటితో నిండితే హే నమలదు. మా అమ్మతో ఈ వాదన గెలవలేక చేతికి కొత్తిమీర కట్ట ఇచ్చేశాం, ఇద్దరికీ హాయి.

సంక్రాంతికి ఊరెళ్ళే ముందు, చూసుకునేవాళ్ళకి త్రాసు, వెట్ నంబరు ఇచ్చి వెళ్ళండి. మీరు విమానంలో ఉండగా అవసరమైతే ఎంత ఖర్చు దాకా చికిత్స చేయొచ్చో, ఎవరి మాట మీద చేయొచ్చో క్లినిక్‌కి ముందే ఈమెయిల్ పెట్టండి.