నవల రాయడం ఒకరు నేర్పితే వస్తుందా?

డిగ్రీ చదువుతూ నవల మొదలుపెట్టి నలభై పేజీల దగ్గర ఆగిపోయానన్నారు, రాయడం ఒకరు నేర్పితే వస్తుందా లేక పుట్టుకతోనే రావాలా అని అడిగారు. నేనేం పెద్ద రచయితను కాను, కావలిలో ఎరువుల కొట్టు నడుపుకుంటూ ఏడాదికి రెండు కథలు రాస్తాను, అందులో ఒకటి తిరిగొస్తుంది. నేను చూసిన మటుకు చెప్తాను.

కాలేజీలో ఉన్నప్పుడు మా లెక్చరర్ ఒకాయనకి నా కథ చూపించాను. తుమ్మలపెంట బీచిలో ఇద్దరు విడిపోయే సీనుతో ముగుస్తుంది, రాసేటప్పుడు నాకే కళ్ళనీళ్ళు వచ్చాయి. వారం తర్వాత పిలిచి కాగితాలు ఇచ్చారు. మొత్తంలో ఒక్క వాక్యం కింద ఎర్ర గీత: ‘ఎర్రటి సూర్యుడు మెల్లగా సముద్రంలోకి జారిపోయాడు.’

“ఏమబ్బయ్యా, మన సముద్రంలో పొద్దు గుంకడం నువ్వెప్పుడన్నా చూశావా?” అన్నారు.

మనది తూర్పు తీరం కదా! పొద్దు గుంకేది వెనక, ఉదయగిరి కొండల వైపు. పుట్టినప్పటి నుంచీ అక్కడే తిరిగినవాణ్ణి, సినిమాల్లో చూసింది రాసేశాను. ఒక సాయంత్రం పోయి కూర్చోని రమ్మన్నారు, సైకిలేసుకుని పోయాను. ఆ వేళకి మన సముద్రం ఎర్రబడదండీ, బూడిద రంగుకి తిరుగుతుంది. సరుగుడు చెట్ల నీడ ఇసక మీద సాగుతుంది, ఒడ్డున నిలబడితే మన నీడ మనకన్నా ముందు నీళ్ళలోకి పోతుంది. అదే రాశాను. కథ అచ్చు కాలేదు, అది వేరే సంగతి.

చాలా ఏళ్ళకి చెన్నైలో పాత పుస్తకాల్లో జాన్ గార్డ్‌నర్ అనే అమెరికన్ నవలాకారుడు రాయడం గురించి రాసిన పుస్తకం దొరికింది. కథ అంటే చదివేవాడి బుర్రలో తెగకుండా నడిచే కల, ఒక్క తప్పు మాట పడితే చాలు వాడు లేచి కూర్చుంటాడు అంటాడాయన. మా సారు ఎర్ర ఇంకుతో చేసింది ఇదే గదా అనిపించింది.

ఈ గార్డ్‌నర్ 1933లో న్యూయార్క్ రాష్ట్రంలోని బటావియాలో, వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టాడు. బాగా పేరు తెచ్చింది 1971లో వచ్చిన ‘గ్రెండెల్’. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు కావ్యాన్ని రాక్షసుడి నోటి నుంచి చెప్పిస్తాడు, మన బకాసురుడు తన గోడు చెప్పుకుంటే ఎట్లా ఉంటుందో అట్లాగన్నమాట. తోటి రచయితలను విమర్శించి 1978లో గొడవలు కూడా తెచ్చుకున్నాడు. 1982లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు, 49 ఏళ్ళు.

నాకు నచ్చింది మాత్రం 1958 నాటి సంగతి. కాలిఫోర్నియాలోని చికో కాలేజీలో పాఠం చెప్తున్నాడు, అప్పటికి తన నవల ఒక్కటీ అచ్చుకాలేదు. క్లాసులో రేమండ్ కార్వర్ అనే కుర్రాడు, ఇరవై ఏళ్ళకే పెళ్ళీ ఇద్దరు పిల్లలూ, రాసుకుందామంటే ఇంట్లో చోటు లేదు. శనాదివారాలు నా గదిలో కూర్చోని రాసుకో అని తాళంచెవి చేతిలో పెట్టాడు గార్డ్‌నర్. కార్వర్ కథల్ని మాట మాట పట్టి దిద్దేవాడు. కొట్టేసిన ముక్కలకి బేరం లేదు, బ్రాకెట్లో పెట్టినవైతే కూర్చుని వాదించుకోవచ్చు. ఇరవై అయిదు మాటలెందుకు, పదిహేనులో చెప్పొచ్చుగా అనేవాడట. ఆ కార్వరే తర్వాత అమెరికాలో పెద్ద కథకుడయ్యాడు.

కాబట్టి నేర్పితే వస్తుంది, కానీ వచ్చేది దిద్దుకోవడం. సరుకు మాత్రం ఎవరూ ఇవ్వలేరు. గార్డ్‌నర్‌కి పదకొండేళ్ళప్పుడు, 1945లో, తను ట్రాక్టర్ నడుపుతుండగా వెనక లాగుతున్న యంత్రం కింద పడి తమ్ముడు చచ్చిపోయాడు. దాన్ని కథగా బయటపెట్టింది 1977లో. అన్నేళ్ళు ఆయన క్లాసుల్లో పాఠాలు చెప్తూనే ఉన్నాడు, ఆ ఒక్కటి రాయడం ఆయనకి ఎవరు నేర్పాలి చెప్పండి?

మీ నలభై పేజీలు పారెయ్యకండి. బాగుందని మెచ్చుకునే స్నేహితులకి కాదు, పెన్ను పట్టుకుని చదివే మనిషికి ఒక్కరికి ఇవ్వండి. ఇంతకీ మీ నవల ఏ ఊళ్ళో జరుగుతుంది? ఆ ఊరికి చివరిసారి ఎప్పుడు పోయొచ్చారు?